ఊపిరున్న బరువు

అమెరికాలోని ఐడహో రాష్ట్రపు నడిమి కొండల్లో బిగ్ క్రీక్ అనే ఏరు ఉంది. 1964లో ఆ ఏటి లోయలో మోరిస్ హార్నాకర్ అనే జీవశాస్త్రవేత్త కూగర్ల మీద పరిశోధన మొదలుపెట్టాడు. అక్కడివాళ్లు కొండసింహం అని పిలిచే ఈ పెద్దపిల్లిని అడవిలో కళ్లతో వెతికి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే ఆయన విల్బర్ వైల్స్ అనే స్థానిక వేటగాడిని, అతని జాగిలాలను వెంట తీసుకున్నాడు. మంచులో కొత్త అడుగుజాడ కనిపించగానే జాగిలాలను వదిలేవారు. అవి వాసన పట్టి తరిమితే కూగర్ చెట్టెక్కి కూర్చునేది. మత్తుమందు సూదితో కొట్టి, చెట్టు మీది నుంచి దించి, తూచి, గుర్తు వేసి వదిలేసేవారు. అవే జంతువులు మళ్లీమళ్లీ పట్టుబడడంతో ఒక సంగతి తేలింది. కూగర్లు ఒకదాని ఇలాకాలోకి మరొకటి అడుగుపెట్టకుండా తప్పుకుంటూ తమ సంఖ్యను తామే అదుపులో ఉంచుకుంటాయి. 1970లో వెలువడిన ఆ పరిశోధన, కనిపిస్తే కాల్చెయ్యాల్సిన పీడగా కూగర్‌ను చూసే పాత అభిప్రాయాన్ని బలంగా కదిలించింది.

హార్నాకర్, వైల్స్ తిరిగింది మోటారు బండ్లు పోలేని అడవి. కాళ్లకు మంచుచెప్పులు కట్టుకుని నడిచారు. ఐడహో, మోంటానా, యూటా రాష్ట్రాల్లోని మిగతా అడవుల్లో కలప కోసం వేసిన బాటలు చాలా ఉన్నాయి. చలికాలంలో వాటిమీద నడుములోతు మంచు పడుతుంది. కార్లు, జీపులు ఆగిపోతాయి, మంచు మీద నడిచే మోటారు బండి స్నోమొబైల్ మాత్రం పోతుంది. జాగిలాల యజమాని తెల్లవారకముందే బయలుదేరి, రాత్రి బాట దాటిన కూగర్ జాడ కోసం పదుల కిలోమీటర్లు తిరుగుతాడు. అంత దూరం కుక్కలను బండి వెనక పరిగెత్తిస్తే జాడ దొరికేసరికే వాటి సత్తువ అయిపోతుంది. వాటిని మోసుకుపోవాలి. స్నోమొబైల్ మీద ఒకరో ఇద్దరో మనుషులకే చోటు. కాబట్టి వెనక ఒక స్లెడ్, అంటే మంచు మీద జారే బండి, కట్టాలి.

జాగిలాలతో కూగర్‌ను వేటాడడం అన్నిచోట్లా చెల్లదు. ఆరెగాన్ ఓటర్లు 1994లో, వాషింగ్టన్ రాష్ట్ర ఓటర్లు 1996లో దాన్ని నిషేధించారు. అయినా పరిశోధకులు కూగర్‌కు రేడియో పట్టీ తొడగాలంటే ఇప్పటికీ జాగిలాలే ముఖ్యమైన దారి. చంపడానికైనా, చదవడానికైనా, కుక్కను మంచులో మోసే బండి మాత్రం ఒకటే.

ఈ స్లెడ్‌ను కట్టేవాళ్లలో ఎక్కువమంది ఇంటి వెనక షెడ్డులో, చేతికందిన ప్లైవుడ్, ఇనుప గొట్టాలతో కడతారు. కట్టెలో, పెట్రోలు డబ్బాలో మోసే బండికీ దీనికీ తేడా చాలా ఉంది. ఈ బరువు కదులుతుంది, వేడి పుట్టిస్తుంది, ఆవిరి వదులుతుంది, పొగ పీలుస్తుంది. స్లెడ్‌లోని ప్రతి కొలతా ఆ నాలుగింటికీ జవాబు చెప్పాలి.

జారుడు వెనక వేడి

మంచు మనకు తెలిసిన గట్టి పదార్థాల్లో చాలా విచిత్రమైనది. మైనస్ 10 డిగ్రీల దగ్గర ఉన్న మంచును పరమ ఉష్ణోగ్రతా మానంలో చూస్తే, అది కరిగే స్థాయిలో 96 శాతానికి చేరుకుని ఉంటుంది. ఉక్కు తన ద్రవస్థానానికి అంత దగ్గరగా రావాలంటే దాన్ని 1,400 డిగ్రీలు దాటేదాకా కాల్చాలి. అంటే స్లెడ్ ఎప్పుడూ కరగడానికి సిద్ధంగా ఉన్న పదార్థం మీదే నడుస్తుంది.

మంచు ఎందుకు జారుతుందన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు నూటయాభై ఏళ్లకు పైగా జవాబు వెతికారు. మంచుగడ్డ ఉపరితలం మీద ద్రవంలాంటి పలుచని పొర ఉంటుందని మైకేల్ ఫారడే 1850లోనే ప్రతిపాదించాడు. తర్వాత కొందరు, బరువు ఒత్తిడికే మంచు కరుగుతుందన్నారు. లెక్క వేస్తే అది నిలవదు. ద్రవస్థానం ఒక్క డిగ్రీ తగ్గాలన్నా వాతావరణ పీడనానికి 130 రెట్లకు పైగా ఒత్తిడి కావాలి. 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్ కనుమ దగ్గర ప్రయోగాలు చేసి, రాపిడిలో పుట్టే వేడే నీటిపొరను తయారుచేస్తుందని చూపించారు. వేడిని త్వరగా లాగేసుకునే లోహం కన్నా, వేడిని పోనివ్వని ఎబొనైట్ పలక బాగా జారింది. 2018లో ఆమ్‌స్టర్‌డామ్, మైంట్స్ పరిశోధకులు ఉక్కును మంచుగడ్డ మీద జారించి చూస్తే, రాపిడి అన్నిటికన్నా తక్కువగా ఉన్నది మైనస్ 7 డిగ్రీల దగ్గర. చలి ముదిరేకొద్దీ ఉపరితలం మీది నీటి అణువుల కదలిక తగ్గి, జారుడు కూడా తగ్గిపోతుంది.

ఈ సంగతిని ఒళ్లు హూనం చేసుకుని తెలుసుకున్నవాళ్లు ముగ్గురు. 1911 అంటార్కిటికా చలికాలపు చీకటిలో ఎడ్వర్డ్ విల్సన్, హెన్రీ బవర్స్, ఆప్స్‌లీ చెర్రీ గారార్డ్ పెంగ్విన్ గుడ్ల కోసం కేప్ క్రోజియర్‌కు బయలుదేరారు. ఉష్ణోగ్రత మైనస్ 60 డిగ్రీలకు దిగింది. అంత చలిలో మంచు ఇసుకలా పట్టుకుంది. రెండు స్లెడ్లను కలిపి లాగలేక, ఒకదాన్ని కొంతదూరం చేర్చి, వెనక్కొచ్చి రెండోదాన్ని లాక్కెళ్లారు. ఒక మైలు ముందుకు పోవాలంటే మూడు మైళ్లు నడవాల్సి వచ్చింది.

స్లెడ్‌ను మోస్తూ మంచు మీద జారే పొడవాటి రన్నర్ల అడుగున ఇప్పుడు చాలామంది అతిసాంద్ర పాలిథిలీన్ పట్టీలు బిగించడానికి కారణం ఇక్కడే ఉంది. ఆ ప్లాస్టిక్ వేడిని త్వరగా పోనివ్వదు, నీటిని అంటుకోనివ్వదు, రాయి తగిలితే గీరుకుంటుందే గాని పగలదు. ఉక్కు రన్నర్ రాత్రంతా ఆరుబయట నిలబడితే మంచుకు అతుక్కుపోతుంది. పొద్దున ఊడదీయడమే ఒక పని.

లాగే బలం, ఆపే బలం

ఒక ఉదాహరణ తీసుకుందాం. 30 కిలోల జాగిలాలు మూడు, అవి కూర్చునే పెట్టె, స్లెడ్ కలిపి 60 కిలోలు, మొత్తం 150 కిలోలు. గట్టిపడిన బాట మీద రాపిడి గుణకం 0.05 అనుకుంటే, సమతలంలో ఈ బండిని కదిలించి ఉంచడానికి 7.5 కిలోల లాగుడు చాలు. వంద మీటర్లకు 15 మీటర్లు ఎక్కే బాట వస్తే దానికి ఇంకో 22 కిలోలు తోడవుతాయి. అంటే రాపిడి గురించి కన్నా మూడింతలు ఆలోచించాల్సింది ఎత్తుపల్లాల గురించి.

అదే బాట మీద దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. 22 కిలోలు కిందికి లాగుతుంటే రాపిడి 7.5 కిలోలే అడ్డుకుంటుంది. మిగిలిన 15 కిలోల బలంతో స్లెడ్ ముందున్న స్నోమొబైల్ మీదికి వస్తుంది. తాడుతో కట్టిన స్లెడ్ పనికిరాకపోవడానికి ఇదే కారణం. బండి ఆగితే తాడు వదులై, కుక్కల పెట్టె వచ్చి నడిపేవాడి వెన్నుకు గుద్దుకుంటుంది. లాగడానికీ ఆపడానికీ పనికొచ్చే గట్టి నొగ కావాలి. అది ఇనుప గొట్టంతో, స్లెడ్ దగ్గర రెండుగా చీలిన ఆకారంలో ఉంటే అడ్డం ఊగదు. స్నోమొబైల్ వైపు కొక్కెం అన్ని దిక్కులా తిరగాలి. మనిషి బండి పక్కకు ఒరిగి పడినా, కుక్కల పెట్టె దానితోపాటు తిరగబడకూడదు. నొగ మధ్యలో గట్టి స్ప్రింగు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. బండి ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు ఆ కుదుపు లోపలి కుక్కల కాళ్లకు చేరదు.

పెట్టెను ఎక్కడ కూర్చోబెట్టాలన్నది ఎడ్లబండి తోలినవాళ్లకు చెప్పనక్కర్లేదు. సరుకు ముందుకు పోతే కాడి ఎద్దుల మెడ నొక్కుతుంది, వెనక్కి పోతే నొగ పైకి లేస్తుంది. ఇక్కడా అంతే. బరువు కొంచెం ముందుకు ఉంటే స్లెడ్ తోకాడించకుండా తిన్నగా వస్తుంది. మరీ ముందుకు పోతే రన్నర్ల మూతి పొడిమంచులో దిగబడుతుంది.

దిగబడడాన్ని నిర్ణయించేది వైశాల్యం. 2 మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెండు రన్నర్ల మీద 150 కిలోలు పరిస్తే చదరపు మీటరుకు 250 కిలోలు పడతాయి. రన్నర్లకు బదులు అడుగంతా పలకగా ఉండి, వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లయితే అది 100 కిలోలకు తగ్గుతుంది. పొడిమంచులో పలక అడుగు గెలుస్తుంది, గట్టి బాట మీద రన్నర్లు గెలుస్తాయి. అందుకే అనుభవజ్ఞులు రెంటినీ కలుపుతారు. గట్టి బాట మీద రన్నర్ల మీదే నడిచి, అవి దిగబడ్డప్పుడు మాత్రం మంచు మీద తేలేలా పైన పలక అడుగు అమరుస్తారు. రన్నర్ల కింద సన్నని ఉక్కు కమ్మీ ఒకటి నిలువునా పెడితే ఏటవాలు బాట మీద స్లెడ్ లోయవైపు జారిపోదు.

బిగింపుల విషయంలో పాఠం ఇన్యుయిట్ ప్రజల నుంచి వచ్చింది. ఉత్తర కెనడాలో వాళ్లు కట్టే కముటిక్ అనే స్లెడ్‌లో అడ్డపలకలను మేకులతో కొట్టరు, తాళ్లతో రన్నర్లకు కడతారు. సముద్రపు మంచుగడ్డల మీద బండి ఎగిరిపడినప్పుడు ప్రతి కట్టూ కొంచెం సాగి, కొంచెం మెలితిరిగి దెబ్బను పంచుకుంటుంది. బిగుసుకున్న అతుకులో ఆ దెబ్బంతా ఒకేచోట పడుతుంది. పైగా చలిలో సాధారణ ఉక్కుకు పెళుసుదనం పెరుగుతుంది. ఇప్పుడు కముటిక్‌లను స్నోమొబైళ్లే లాగుతున్నాయి, రన్నర్ల కింద ప్లాస్టిక్ చేరింది. అయినా కట్లు కట్లుగానే ఉన్నాయి.

ఒరిగే కోణం

రన్నర్ల మధ్య దూరం 70 సెంటీమీటర్లు, గరిమనాభి మంచుకు 50 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, ఆ స్లెడ్ 35 డిగ్రీల వాలు దగ్గర తిరగబడుతుంది. గరిమనాభిని 35 సెంటీమీటర్లకు దించితే అది 45 డిగ్రీలదాకా నిలబడుతుంది. ఇది కదలని సరుకుకు వేసిన లెక్క. పెట్టె లోపల అడ్డుగోడలు లేకపోతే బండి ఒరిగినప్పుడు మూడు కుక్కలూ పల్లంవైపే జారతాయి. ఒరగకూడని సమయంలోనే బరువంతా ఒరిగే వైపు చేరుతుంది.

పరిష్కారం సులువు. ఒక్కో కుక్కకు ఒక్కో అర. కుక్క చుట్టూ తిరిగి పడుకోగలిగేంత వెడల్పు చాలు. పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటే అది నిలబడడానికి ప్రయత్నించకుండా ముడుచుకుని పడుకుంటుంది, గరిమనాభి దిగుతుంది. నేల మీద చిల్లుల రబ్బరు చాప పరిస్తే గోళ్లకు పట్టు దొరుకుతుంది, తడి కిందికి దిగుతుంది. ఒకదానికొకటి కనపడని చోట, తిండికోసమో చోటుకోసమో కుక్కలు కొట్టుకోవు కూడా.

నలభై మూడు వాట్ల ప్రాణి

మాక్స్ క్లైబర్ 1932లో చెప్పిన సూత్రం ప్రకారం, విశ్రాంతిలో ఉన్న పాలిచ్చే జంతువు ఖర్చు చేసే శక్తి దాని బరువు 0.75 ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. 30 కిలోల జాగిలానికి అది రోజుకు దాదాపు 900 కిలోకేలరీలు, అంటే 43 వాట్లు. మూడు కుక్కలంటే 130 వాట్లు. ఆ వేడితో పెట్టె ఎంత వెచ్చబడుతుంది?

1.2 మీటర్ల పొడవు, 0.9 మీటర్ల వెడల్పు, 0.6 మీటర్ల ఎత్తున్న పెట్టెను 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేశారనుకుందాం. గాలి మార్పిడి లేకపోతే లోపల బయటికన్నా ఆరేడు డిగ్రీలే ఎక్కువ ఉంటుంది. గోడలకు 25 మిల్లీమీటర్ల థర్మోకోల్ పలక అతికిస్తే ఆ తేడా 26 డిగ్రీలకు పోతుంది. కానీ గాలి మార్పిడి లేని పెట్టెలో కుక్కను పెట్టకూడదు. సెకనుకు 5 లీటర్ల గాలి లోపలికొచ్చి పోతుందనుకుంటే తేడా 12 డిగ్రీలకు పడిపోతుంది. కట్టేవాడు ఈ 12 డిగ్రీలతో సంతృప్తి పడాలి. మిగతా 14 డిగ్రీల కోసం రంధ్రాలు మూస్తే కుక్కల ఊపిరిలోని ఆవిరి పైకప్పుకు తగిలి గడ్డకట్టి, కాసేపటికి కరిగి వీపుల మీద కారుతుంది. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. తడిసిన కుక్కకు వెచ్చని పెట్టె కన్నా పొడి పెట్టె మేలు.

జాగిలాలను సైబీరియా హస్కీల్లా ఊహించుకోకూడదు. కూగర్ల వెంటపడే ట్రీయింగ్ వాకర్, బ్లూటిక్, ప్లాట్ జాతులు అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పెరిగినవి. ప్లాట్ ఏకంగా నార్త్ కరొలైనా రాష్ట్ర శునకం. వాటి వెంట్రుక పొట్టి, చర్మానికి అతుక్కుని ఉంటుంది. పెర్ షోలాండర్ బృందం 1950లో అలాస్కా తీరంలోని పాయింట్ బారో దగ్గర చేసిన కొలతలు ఈ తేడాను తేటతెల్లం చేశాయి. దట్టమైన బొచ్చున్న మంచునక్క మైనస్ 30 డిగ్రీల్లో కూడా అదనంగా వేడి పుట్టించనక్కర్లేదు. పలుచని వెంట్రుక ఉన్న ఉష్ణదేశపు జంతువులు చల్లగాలి తగలగానే కొలిమి రాజేసుకోవాల్సిందే.

దానికితోడు వేగం. 1939లో అంటార్కిటికా వెళ్లిన పాల్ సైపుల్, చార్ల్స్ పాసెల్ నీళ్లు గడ్డకట్టే సమయాన్ని కొలిచి, గాలి చలిని ఎంత పెంచుతుందో మొదటిసారి అంకెల్లో పెట్టారు. అమెరికా, కెనడా 2001లో ఆ సూత్రాన్ని సవరించాయి. కొత్త లెక్కలో మైనస్ 15 డిగ్రీల ఉదయం గంటకు 30 కిలోమీటర్ల వేగం మైనస్ 26 కింద లెక్క. ఇది మనిషి ముఖానికి తయారుచేసిన సూచిక, కుక్కకు అచ్చంగా వర్తించదు. అయినా తెరిచిన బుట్టలో కూర్చోబెట్టిన జాగిలం ఎదుర్కొనే చలి ఎటు పెరుగుతుందో చెబుతుంది. పెట్టె ముందుగోడకు ఒక్క సందు కూడా ఉండకూడదనడం ఇందుకే.

పడకకు దుప్పటి కన్నా గోధుమగడ్డి మంచిది. దాని కాడలు బోలుగా ఉండి గాలిని పట్టి ఉంచుతాయి, తడిసినది దులిపి పారేయవచ్చు. అలాస్కాలో జరిగే ఇడిటరోడ్ స్లెడ్ పందెంలో కూడా మజిలీ మజిలీకీ కుక్కల కోసం గడ్డిమోపులే చేరవేస్తారు.

చలికి ముందు దెబ్బతినేవి పాదాలనుకుంటారు గాని, పాదాలకు ప్రకృతి మంచి ఏర్పాటే చేసింది. జపాన్ పరిశోధకుడు హిరోయోషి నినోమియా 2011లో కుక్క పాదంలోని రక్తనాళాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూపించాడు. గుండె నుంచి వచ్చే వెచ్చని ధమని చుట్టూ, పాదం నుంచి తిరిగిపోయే చల్లని సిరలు అల్లుకుని ఉంటాయి. వేడి ఒకదాని నుంచి మరొకదానికి మారి, ఒంట్లోకి చల్లని రక్తం పోదు. 1972లో తోడేలు, మంచునక్కల మీద చేసిన ప్రయోగంలో, మైనస్ 35 డిగ్రీల ద్రవంలో ముంచిన పాదం కూడా మైనస్ 1 దగ్గరే నిలబడింది, గడ్డకట్టలేదు. జాగిలంలో బలహీనమైన చోట్లు వేరే ఉన్నాయి. వేలాడే పొడవాటి చెవుల కొసలు, తోక చివర, వెంట్రుక లేని పొట్ట కింది భాగం. పెట్టె వీటిని గాలి నుంచి కాపాడగలిగితే దాని పని సగం పూర్తయినట్టే.

పొగ పోయే దారి

స్నోమొబైల్ చరిత్రలో కెనడాలోని వాల్‌కూర్ ఊరికి పెద్ద చోటుంది. 1934 చలికాలంలో ఆ ఊరి మెకానిక్ జోసెఫ్ ఆర్మాన్ బొంబార్డియే, మంచు మూసిన దారుల వల్ల ఆసుపత్రికి చేర్చలేక తన రెండేళ్ల కొడుకును పోగొట్టుకున్నాడు. మంచు మీద పోయే బండ్ల కోసం పట్టుబట్టిన ఆయన 1959లో స్కీడూ అనే తేలికపాటి బండిని అమ్మకానికి తెచ్చాడు. దాని తర్వాత ఉత్తర ప్రాంతాల్లో కుక్కలు బండ్లు లాగే కాలం వేగంగా వెనకబడింది. జాగిలాల యజమానుల దగ్గర మాత్రం కుక్కలే ప్రయాణికులయ్యాయి.

ఆ బండ్లలో చాలాకాలం టూ-స్ట్రోక్ ఇంజన్లే ఉండేవి. వాటి పొగతో పాటు కాలని ఇంధనం గణనీయంగా బయటికొస్తుంది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఎల్లోస్టోన్ పార్కు ద్వారం దగ్గర స్నోమొబైళ్ల పొగ తట్టుకోలేక సిబ్బంది ముఖానికి గాలివడపోత ముసుగులు తగిలించుకున్నారు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ఎంత చురుకైన ముక్కున్న జాగిలమైనా దాన్ని పసిగట్టలేదు.

వేగంగా పోయే పెట్టె వెనక గాలి పీడనం తగ్గుతుంది. ఆ ఖాళీలోకి పొగ, స్నోమొబైల్ పట్టా ఎగజిమ్మిన మంచుపొడి రెండూ సుడి తిరుగుతూ చేరతాయి. కాబట్టి గాలిరంధ్రాలు వెనక గోడకు పెట్టకూడదు. పక్కగోడల పైభాగాన, కిందికి వంగిన రెక్కల చాటున పెట్టాలి. పొగగొట్టం కుడివైపు ఉన్న బండికి ఎక్కువ రంధ్రాలు ఎడమవైపు ఉండాలి. నొగ మీటరున్నర పొడవుంటే పొగ పలచబడడానికి కొంత చోటు దొరుకుతుంది. ఫోర్-స్ట్రోక్ ఇంజనుంటే ముప్పు తగ్గుతుంది, పోదు. ఆగినప్పుడు ఇంజన్ ఆపేయడం అన్నిటికన్నా చవకైన రక్ష.

బాట, వేగం, పరీక్ష

స్నోమొబైల్ పట్టా నలగ్గొట్టిన మంచురేణువులు ఒకదానికొకటి ఆనుకుని, కొన్ని గంటల్లో అతుక్కుపోతాయి. సాయంత్రం తొక్కిన బాట పొద్దుటికి గట్టిపడేది అందుకే. జాగిలాల యజమాని ముందురోజు ఒకసారి ఖాళీ బండితో తిరిగి వస్తే, మరునాడు స్లెడ్ దిగబడదు. అదే బాట మీద చాలామంది వేగంగా తిరిగితే అలల్లాంటి గతుకులు లేస్తాయి. నికొలాస్ టాబర్లే, స్టీఫెన్ మోరిస్, జిమ్ మెక్‌ఎల్వేన్ 2007లో ఇసుక మీద చక్రం దొర్లించి, ఒక నిర్దిష్ట వేగం దాటితేనే ఆ అలలు పుడతాయని చూపించారు. తర్వాతి ప్రయోగాల్లో ఏటవాలు పలకను లాగినా అవి వచ్చాయి. నెమ్మదిగా పోవడం కుక్కలకే కాదు, దారికీ మంచిది.

కట్టడం పూర్తయ్యాక ముందు కుక్కలను ఎక్కించకూడదు. ఒక్కో అరలో 30 కిలోల ఇసుక మూట పెట్టి గట్టి బాట మీద, పొడిమంచులో, ఏటవాలున నడపాలి. దిగుడులో బ్రేకు వేసి నొగ వంగుతోందేమో చూడాలి. తర్వాత ఖాళీ పెట్టెలో, చలికి తట్టుకునే కార్బన్ మోనాక్సైడ్ మీటరు పెట్టి అరగంట తిప్పాలి. మీటరు కదిలితే రంధ్రాల చోటు మార్చాలి. అప్పుడు కుక్కలతో పది నిమిషాల ప్రయాణం, తర్వాత అరగంట, తర్వాత గంట. ప్రతిసారీ తలుపు తెరిచి పైకప్పు, గడ్డి, చెవులు ముట్టుకుని చూడాలి. పైకప్పున మంచుపొర పేరితే గాలి చాలడం లేదు, రంధ్రం పెంచాలి. గడ్డి పొడిగానే ఉండి కుక్క వణుకుతుంటే గాలి ఎక్కువైంది, ఒక రెక్క మూయాలి. చెవి కొసలు చల్లబడి బిరుసెక్కితే ఆరోజుకు బండి వెనక్కి తిప్పాలి.